వర్డ్‌లో అడగని దిద్దుబాట్లు: అక్షరం మారిందా, వేషం మారిందా

సేల్ డీడ్ షెడ్యూల్లో సర్వే నంబరు 1/2 అని కొట్టి స్పేస్ నొక్కగానే అది ½ అయి కూర్చుంటుంది. దాని పక్కనే కొట్టిన 1/1, 1/3 మాత్రం చెక్కుచెదరవు. కారణం పెద్దదేమీ కాదు. వర్డ్ తనంతట తాను మార్చే భిన్నాలు మూడే: 1/2, 1/4, 3/4. ఒకే భూమి సబ్ డివిజన్లలో కొన్ని చిన్న గుర్తుల్లా, కొన్ని మామూలు అంకెల్లా కనిపిస్తే చూసేవాళ్లకు తప్పకుండా అనుమానం వస్తుంది. ఇంకో చిక్కు ఉంది. రేపు ఆ ఫైల్లో 1/2 అని వెతికితే దొరకదు. అక్కడున్నది ఒకటి, గీత, రెండు కాదు. ½ అనే ఒకే ఒక్క అక్షరం.

ఇంగ్లీషు అఫిడవిట్‌లో క్లాజులు రాసేటప్పుడూ ఇదే తంతు. బ్రాకెట్లలో ఎ, బి అయ్యాక సి కొడితే © వస్తుంది, ఇ కొడితే € వస్తుంది. మధ్యలో డి మాత్రం బాగానే ఉంటుంది. తేదీలో ఫస్ట్ అనే అర్థంలో 1 పక్కన కొట్టిన ఎస్‌టీ అక్షరాలు పైకెక్కి చిన్నవైపోతాయి. చూడ్డానికి ఇవన్నీ ఒకే రకం గోలలా ఉంటాయి గానీ, నిజానికి రెండు రకాలు. ఆ తేడా పట్టుకోకుండా మెనూలన్నీ తిరిగితే గంట పోతుంది, పని కాదు.

ఒక రకంలో అక్షరమే మారిపోతుంది. ½, ©, వంకర కొటేషన్లు, పొడుగు గీతలు ఈ జాతి. రెండో రకంలో అక్షరం అలాగే ఉండి వేషం మాత్రం మారుతుంది. పైకెక్కిన ఎస్‌టీ, నీలంగా గీతపడ్డ మెయిల్ ఐడీ, దానంతటదే వచ్చిన నంబర్లు, పేరా కింద పడ్డ గీత ఈ జాతి. అనుమానం వస్తే ఆ ముక్కని సెలెక్ట్ చేసి కంట్రోల్+స్పేస్ కొట్టి చూడండి. ఆ కీలు అక్షరాల మీది ఫార్మాటింగ్‌ని తీసేస్తాయి. ఎస్‌టీ కిందికి దిగివస్తుంది, ½ మాత్రం ½గానే ఉంటుంది. పేరా స్థాయి వేషాలకు, అంటే గీతలు, ఇండెంట్లు, వెనక రంగులకు కంట్రోల్+క్యూ. అయితే డీటీపీలో వాడే అను అనే పాతరకం తెలుగు ఫాంటులో కొట్టిన మ్యాటర్ మీద మాత్రం కంట్రోల్+స్పేస్ జోలికి పోవద్దు, ఎందుకో కింద ఉంది.

జరిగిన వెంటనే చూసుకుంటే రెండు రకాలకూ మందు ఒకటే: కంట్రోల్+జెడ్, ఒక్కసారి. చాలామంది దీన్ని వాడరు, కొట్టింది కూడా పోతుందని భయం. పోదు. వర్డ్ తన దిద్దుబాటును విడి పనిగా లెక్కపెట్టుకుంటుంది కాబట్టి, మొదటి కంట్రోల్+జెడ్ ఆ దిద్దుబాటునే వెనక్కి తీస్తుంది, మీరు కొట్టింది కొట్టినట్టు ఉంటుంది. ఎప్పుడో ఒకసారి వచ్చే ఇబ్బందికి ఇది చాలు. రోజుకు యాభైసార్లు వచ్చేదాన్ని మాత్రం మూలంలోనే ఆపాలి.

టిక్కులు ఎక్కడుంటాయి

ఫైల్, ఆప్షన్స్, ప్రూఫింగ్, అక్కడ ఆటోకరెక్ట్ ఆప్షన్స్ బటన్. మ్యాక్‌లో అయితే వర్డ్ మెనూలోని ప్రిఫరెన్సెస్‌లో ఆటోకరెక్ట్. తెరుచుకున్న డబ్బాలో నాలుగైదు ట్యాబులు ఉంటాయి. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ఆటోఫార్మాట్ అని ఒక ట్యాబు, ఆటోఫార్మాట్ యాజ్ యూ టైప్ అని ఇంకొక ట్యాబు. రెండింటిలోనూ ఇంచుమించు అవే టిక్కులు. మొదటిదానిలో ఎన్ని తీసినా టైపు చేస్తున్నప్పుడు ఏమీ మారదు, ఎందుకంటే అది కంట్రోల్+ఆల్ట్+కె కొట్టి డాక్యుమెంట్ మొత్తానికి ఒకేసారి ఫార్మాట్ చేయించినప్పుడు మాత్రమే పనిచేస్తుంది. (ఆ మూడు కీలు పొరపాటున పడితే ఫైలంతా ఒక్క క్షణంలో వేరే అవతారం ఎత్తుతుంది. కంగారుపడి సేవ్ చేసి మూసేయకండి, కంట్రోల్+జెడ్ కొట్టండి.) మనకు కావలసింది యాజ్ యూ టైప్ ఉన్న ట్యాబు.

భిన్నాలు, ఎస్‌టీ పైకెక్కడం, కొటేషన్లు, రెండు హైఫన్లు కలిసి పొడుగు గీత కావడం, మెయిల్ ఐడీలు లింకులవడం, గుర్తులు, నంబర్లు, గీతలు, పట్టికలు... వీటి టిక్కులన్నీ దీనిలోనే. © మాత్రం ఇక్కడ దొరకదు. అది మొదటి ట్యాబులో, ఆటోకరెక్ట్‌లో, కింద ఉన్న పెద్ద జాబితాలో ఒక వరుస. దాన్ని ఎంచుకుని డిలీట్ కొట్టాలి. అదే జాబితాలో రెండు చుక్కలు, బ్రాకెట్ కలిపి కొడితే వచ్చే నవ్వు ముఖం కూడా ఉంటుంది. పాత వర్షన్లలో అది నిజానికి వింగ్‌డింగ్స్ ఫాంటు వేషం వేసుకున్న జె అనే అక్షరం. కొందరి మెయిళ్లలో వాక్యం చివర అర్థంలేని జె కనిపించడం వెనక కథ ఇదే.

ఆ జాబితా భాషకొకటి ఉంటుంది. డబ్బా నెత్తిన భాష పేరు రాసి ఉంటుంది చూడండి. అమెరికా ఇంగ్లీషులో © వరుస తీసేసి, డాక్యుమెంట్ మాత్రం ఇండియా ఇంగ్లీషులో ఉంటే, "తీసినా మళ్లీ వస్తోంది" అని తల పట్టుకోవాల్సి వస్తుంది. కర్సర్ ఏ భాష టెక్స్టులో ఉందో ఆ భాష జాబితా తెరుచుకుంటుంది కాబట్టి, ముందు ఇబ్బంది ఉన్న లైన్లోనే క్లిక్ చేసి, తర్వాత ఆప్షన్స్‌లోకి వెళ్లండి.

ఈ సెట్టింగులు ఫైలుతో వెళ్లవు, ఆ కంప్యూటర్లో ఆ యూజర్‌తో ఉంటాయి. నెట్ సెంటర్లో నలుగురూ వాడే సిస్టమ్‌లో తీసిన టిక్కు అందరికీ తీసినట్టే. మీ ఇంటి సిస్టమ్‌లో తీసినంత మాత్రాన ఆఫీసు సిస్టమ్‌లో మారదు.

దస్తావేజులు కొట్టేవాళ్లయితే భిన్నాల టిక్కు తీసేయడమే మంచిది. ముందే ½ అయిపోయినవాటికి కంట్రోల్+హెచ్ కొట్టి, వెతికి మార్చే డబ్బా తెరిచి, పై పెట్టెలో ఆ గుర్తును కాపీ చేసి పేస్ట్ చేయండి, కింది పెట్టెలో 1/2 కొట్టి రీప్లేస్ ఆల్. ¼, ¾లకు విడివిడిగా. రీప్లేస్ చేసినప్పుడు అది మళ్లీ భిన్నంగా మారదు. ఒక్క జాగ్రత్త: "½ వాటా" లాంటి మాటల్లో గుర్తు కావాలనే పెట్టి ఉండొచ్చు, వాటిని వదిలి ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్లండి.

కొటేషన్ల సంగతి కొంచెం తమాషాగా ఉంటుంది. కథకో వ్యాసానికో వంకర కొటేషన్లు అందంగానే ఉంటాయి, ఆ టిక్కు ఉంచుకోవచ్చు. ప్లాటు కొలతలు రాసేవాళ్లకు, అడుగులకూ అంగుళాలకూ నిలువు గుర్తులు కావలసినవాళ్లకు, ప్రోగ్రాము కోడ్ రాసుకునేవాళ్లకు అదే శత్రువు. కోడ్‌లో వంకర కొటేషన్ పడితే ఆ లైను పనిచేయదు, కంటికి మాత్రం తేడా తెలియదు. ముందు టిక్కు తీసేసి, కంట్రోల్+హెచ్‌లో పైనా కిందా అదే నిలువు కొటేషన్ కొట్టి రీప్లేస్ ఆల్ అనండి. వెతికేటప్పుడు వర్డ్ వంకరనీ నిలువునీ ఒకటిగానే చూస్తుంది, పెట్టేటప్పుడు అప్పటి టిక్కు ప్రకారం పెడుతుంది. కాబట్టి టిక్కు లేకపోతే అన్నీ నిలువవుతాయి, టిక్కు ఉంటే అన్నీ వంకరవుతాయి. రెండు వైపులా వాడుకోవచ్చు.

మెయిల్ ఐడీలు, వెబ్ అడ్రసులు నీలంగా మారితే ఒక్కోదాని మీద రైట్ క్లిక్ చేసి రిమూవ్ హైపర్‌లింక్. వందున్నాయా? కంట్రోల్+ఏ, ఆపైన కంట్రోల్+షిఫ్ట్+ఎఫ్9. అయితే ఈ చిట్కా చెప్పేవాళ్లు ఒక మాట చెప్పడం మర్చిపోతారు: అది లింకుల్ని మాత్రమే కాదు, సెలెక్ట్ చేసినదానిలోని ఫీల్డులన్నిటినీ (పేజీ నంబర్లు, తేదీలు లాంటి, వర్డ్ తానే నింపే ముక్కల్ని) మామూలు టెక్స్టు చేసేస్తుంది. విషయసూచిక కూడా ఇక తాజా అవ్వదు. సూచిక ఉన్న ఫైలయితే దాన్ని వదిలి మిగతా భాగమే సెలెక్ట్ చేయండి.

చెరపలేని గీత

మూడు హైఫన్లు కొట్టి ఎంటర్ నొక్కితే పేజీ అడ్డంగా సన్నగీత పడుతుంది. అండర్‌స్కోర్లు మూడు కొడితే లావు గీత, సమానం గుర్తులు మూడైతే జంట గీత, నక్షత్రాలు మూడైతే చుక్కల గీత, టిల్డాలు (~) మూడైతే అలల గీత. కావాలనుకున్నప్పుడు బాగానే ఉంటుంది. అక్కర్లేనప్పుడు దాని మీద క్లిక్ చేస్తే సెలెక్ట్ అవదు, బ్యాక్‌స్పేస్‌కి లొంగదు, డిలీట్‌కి లొంగదు. ఎందుకంటే అక్కడ గీత అనే వస్తువే లేదు. మీరు కొట్టిన హైఫన్లను వర్డ్ తీసేసి, వాటి పైనున్న పేరాకు కింది అంచు వేసింది. గోడకు రంగు వేసినట్టన్నమాట. గీత కింద ఎంత గోకినా లాభం లేదు, పైనున్న పేరాలో కర్సర్ పెట్టాలి. అక్కడ పెట్టి హోమ్ ట్యాబులో బోర్డర్స్ పక్క బాణం నొక్కి నో బోర్డర్ ఎంచుకోండి, లేదా కంట్రోల్+క్యూ కొట్టండి. అయినా పోకపోతే గీతకు పైదీ కిందదీ రెండు పేరాలూ కలిపి సెలెక్ట్ చేసి మళ్లీ నో బోర్డర్. ఆ పేరా చివర ఎంటర్ కొట్టినకొద్దీ గీత కిందికి జారుతూ పోతుంటే కంగారు వద్దు, కొత్త పేరా పాతదాని అంచును వారసత్వంగా తీసుకుంటోందంతే.

సాక్షుల సంతకాల గీతల దగ్గర ఇది ఎక్కువ విసిగిస్తుంది. అండర్‌స్కోర్లు వరుసగా కొట్టడమే అక్కడ తప్పు పద్ధతి. ఫాంటు మారిందా, పేరు పొడుగైందా, గీతలు వంకరటింకరగా వస్తాయి. పేరాగ్రాఫ్ డైలాగ్‌లో కింద ట్యాబ్స్ బటన్ నొక్కి, స్థానం 15 సెంటీమీటర్లని ఇచ్చి, అలైన్‌మెంట్ రైట్, లీడర్‌లో నాలుగోది ఎంచుకుని సెట్ కొట్టండి. ఇక "సాక్షి" అని కొట్టి ట్యాబ్ కీ ఒక్కసారి నొక్కితే గీత 15 సెంటీమీటర్ల దాకా దానంతటదే సాగుతుంది. సాక్షులు ఎంతమందైనా గీతలన్నీ ఒకే చోట ఆగుతాయి.

నంబర్ల జాబితా అందరినీ ఏడిపించేదే. ఒకటి, చుక్క, స్పేస్ అనగానే వర్డ్ దాన్ని జాబితాగా మార్చేస్తుంది. నక్షత్రం లేదా హైఫన్ తర్వాత స్పేస్ కొట్టినా బుల్లెట్ అయిపోతుంది. అప్పుడు పక్కన చిన్న మెరుపు గుర్తు కనిపిస్తుంది. దాన్ని నొక్కి అన్‌డూ అంటే ఈ ఒక్కసారికి ఆగుతుంది, స్టాప్ ఆటోమేటికల్లీ అన్నది ఎంచుకుంటే ఇక ఎప్పటికీ ఆగుతుంది, ఏ ఫైల్లోనూ రాదు. జాబితా మధ్యలో నంబరు లేని లైను కావాలంటే షిఫ్ట్+ఎంటర్. దస్తావేజుల్లో నా ఓటు ఆటోమేటిక్ నంబర్లకు వ్యతిరేకం. "పైన 4వ పేరాలో చెప్పిన విధంగా" అని రాశాక 2వ పేరా తీసేస్తే, నంబర్లు చప్పుడు లేకుండా జరిగిపోతాయి, వాక్యంలోని 4 మాత్రం అలాగే ఉంటుంది. ముందే పడిపోయిన నంబర్లను మామూలు అంకెలుగా మార్చాలంటే ఆ భాగం కాపీ చేసి అక్కడే కీప్ టెక్స్ట్ ఓన్లీ పద్ధతిలో పేస్ట్ చేయండి. నంబర్లు అంకెలుగా మిగులుతాయి, బోల్డు, రంగులు పోతాయి.

వాక్యం మామూలుగా ఉండి నంబరొక్కటే బోల్డుగానో ఎర్రగానో ఉందా? నంబరును ఎంత నొక్కినా మారదు. కంట్రోల్+షిఫ్ట్+8 కొడితే ప్రతి పేరా చివరా పేరా గుర్తు కనిపిస్తుంది. నంబరు తన వేషం తీసుకునేది ఆ గుర్తు నుంచి. ఆ గుర్తొక్కదాన్నే సెలెక్ట్ చేసి బోల్డు తీసేయండి, నంబరు దారికొస్తుంది.

అను ఫాంటులో కొట్టేవాళ్లకు

మామూలు చిట్కాలు ఇక్కడ చాలవు. అను స్క్రిప్ట్ మేనేజర్‌తో కొట్టిన మ్యాటర్ తెరమీద తెలుగులా కనిపిస్తుంది, కానీ వర్డ్ దృష్టిలో అది ఇంగ్లీషు అక్షరాలూ చిహ్నాలే. ఆ కోడ్ల మీద ఫాంటు మన అక్షరాల బొమ్మలు పరిచింది: ఒక కోడ్ మీద అక్షరం, ఇంకో దాని మీద గుడి, మరోదాని మీద ఒత్తు. పెద్దబడి ఇంగ్లీషు అక్షరం మీద ఒక బొమ్మ, అదే అక్షరం చిన్నబడి మీద సంబంధం లేని మరో బొమ్మ.

ఇప్పుడు వర్డ్ తన మంచితనం చూపిస్తుంది. వాక్యం మొదటి అక్షరం చిన్నదిగా ఉంది, పెద్దది చేద్దాం అనుకుంటుంది. తెరమీద ఒక తెలుగు అక్షరం పోయి ఇంకోటి వస్తుంది. మాట మొదట్లో రెండు పెద్దక్షరాలున్నాయి, రెండోది పొరపాటు అనుకుని చిన్నది చేస్తుంది. ఒత్తు మారిపోతుంది. కొటేషన్ గుర్తు కోడ్ మీద ఏ ముక్క కూర్చుని ఉంటే ఆ ముక్క ఎగిరిపోతుంది. ఇవన్నీ చాలక, స్పెల్ చెకర్ సలహాను తానే అమలు చేసే టిక్కు ఒకటుంది. అది ఆ అక్షరాల గుంపును దగ్గరలోని ఇంగ్లీషు మాటగా దిద్దితే, తెలుగులో అర్థంపర్థంలేని ముద్ద మిగులుతుంది.

గుర్తుపట్టడం తేలిక. ఒకే మాట లైను మధ్యలో సరిగ్గా వస్తూ, పేరా మొదట్లోనో పట్టిక గడిలోనో తప్పుగా వస్తోందంటే దొంగ దొరికినట్టే. రుజువు కావాలంటే ఆ మాటను రెండు చోట్ల నుంచీ కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో ఒకదాని కింద ఒకటి పేస్ట్ చేయండి. అక్కడ ఫాంటు వేషం ఉండదు, లోపలి ఇంగ్లీషు అక్షరాలు బయటపడతాయి. రెండు వరుసలూ అచ్చంగా ఒకేలా ఉండి, మొదటి అక్షరం ఒకచోట చిన్నదీ ఒకచోట పెద్దదీ అయితే అది ఆటోకరెక్ట్ చేతివాటం. తేడా కొటేషన్ వంకరలో ఉంటే యాజ్ యూ టైప్ ట్యాబు పని. రెండు వరుసల్లో ఏ తేడా లేకుండా తెరమీద మాత్రమే వేరుగా ఉంటే ఫాంటు వేరన్నమాట, అక్షరాలు క్షేమం.

చేయాల్సింది ఇది. ఆటోకరెక్ట్ ట్యాబులో పెద్దక్షరాలకు సంబంధించిన ఐదు టిక్కులూ (రెండు పెద్దక్షరాలు, వాక్యం మొదలు, పట్టిక గడుల మొదలు, వారాల పేర్లు, క్యాప్స్ లాక్) తీసేయండి. రీప్లేస్ టెక్స్ట్ యాజ్ యూ టైప్ తీసేయండి. స్పెల్ చెకర్ సలహాల టిక్కు తీసేయండి. యాజ్ యూ టైప్ ట్యాబులో పై భాగంలో ఉన్న టిక్కులన్నీ తీసేయండి. తర్వాత కంట్రోల్+ఏ కొట్టి, రివ్యూ, లాంగ్వేజ్, సెట్ ప్రూఫింగ్ లాంగ్వేజ్‌లో డు నాట్ చెక్ స్పెల్లింగ్ ఆర్ గ్రామర్‌కు టిక్కు పెట్టండి. ఎర్రగీతలు కూడా పోతాయి.

ఇప్పటికే చెడిపోయిన మ్యాటర్‌ను కంట్రోల్+హెచ్‌తో దిద్దేటప్పుడు మోర్ నొక్కి మ్యాచ్ కేస్ టిక్కు తప్పనిసరిగా పెట్టండి. అది లేకపోతే వర్డ్‌కు పెద్దబడీ చిన్నబడీ ఒకటే, అంటే మీరు వెతికిన అక్షరంతోపాటు వేరే తెలుగు అక్షరం కూడా దొరుకుతుంది. అంతటితో ఆగదు, పెట్టే మాటను కూడా పాతదాని పెద్దచిన్నలకు తగ్గట్టు మార్చి పెడుతుంది. వంద తప్పులు దిద్దబోయి రెండొందలు చేసుకునే దారి ఇదే. యూనికోడ్‌లోకి (ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడ్ ఉండే పద్ధతిలోకి) కన్వర్ట్ చేసేది ఉంటే ఈ దిద్దుబాటు ముందే ముగించాలి. కన్వర్టర్ కోడ్ చూసి మారుస్తుంది, మీ మనసులో ఏముందో దానికి తెలియదు.

ఇక కంట్రోల్+స్పేస్ సంగతి. అది అక్షరాల మీది ఫాంటును కూడా తీసేస్తుంది. మ్యాటరంతా ఒక్కసారిగా ఇంగ్లీషు చెత్తగా కనిపిస్తే గుండె ఆగినంత పనవుతుంది. ఏమీ పోలేదు, మళ్లీ సెలెక్ట్ చేసి అదే అను ఫాంటు ఇస్తే తిరిగొస్తుంది. మధ్యలో ఇంగ్లీషు మాటలుంటే మాత్రం వాటిని వెతికి విడిగా ఫాంటు ఇవ్వాల్సిన చాకిరీ మిగులుతుంది. అందుకే ఫాంటును సెలెక్ట్ చేసి ఇవ్వడం కన్నా, తెలుగు మ్యాటర్‌కు ఒక స్టైల్ (ఫాంటు, సైజు లాంటివి ఒకే పేరు కింద దాచుకునే మూస) తయారుచేసి, ఆ స్టైల్లోనే అను ఫాంటు పెట్టుకోండి. అప్పుడు కంట్రోల్+స్పేస్ కొట్టినా స్టైల్లోని ఫాంటు నిలుస్తుంది.

పేజ్‌మేకర్‌లో ఈ పెద్దక్షరాల గొడవ లేదు, డీటీపీవాళ్లు దాన్ని వదలకపోవడానికి ఇదీ ఒక కారణం. కొటేషన్ల టిక్కు మాత్రం దానిలోనూ ఉంది, ప్రిఫరెన్సెస్‌లో యూజ్ టైపోగ్రాఫర్స్ కోట్స్ అని. ఇన్‌డిజైన్‌లో అదే పేరుతో ప్రిఫరెన్సెస్‌లోని టైప్ భాగంలో ఉంటుంది.

తెలుగును ఇంగ్లీషు లిపిలో కొట్టి తర్వాత మార్చుకునే అలవాటున్నవాళ్లకూ ఇదే పీడ. లేఖిని అనే వెబ్ పరికరం పద్ధతిలో చిన్న టీ అంటే త, పెద్ద టీ అంటే ట. "తల్లి" అని వర్డ్‌లో వాక్యం మొదట్లో కొడితే, వర్డ్ దాన్ని పెద్ద టీ చేస్తుంది, మార్చాక "టల్లి" వస్తుంది. న ణ అవుతుంది, ద డ అవుతుంది, ల ళ అవుతుంది. దీనికి వర్డ్ సరైన చోటు కాదు, నోట్‌ప్యాడ్‌లో కొట్టుకోండి.

యూనికోడ్ తెలుగులో

యూనికోడ్‌లో పెద్దచిన్నల బెడద లేదు, మన లిపికి ఆ భేదమే లేదు. బెడద ఫాంటు సైజులో ఉంది. హెడింగ్‌కు 16 సైజు, బోల్డు పెట్టారు, ఇంగ్లీషు మాట మారింది, తెలుగు మాట సన్నగా చిన్నగా మిగిలింది. వర్డ్ ప్రతి స్టైల్లోనూ ఇంగ్లీషు లాంటి లిపులకు ఒక ఫాంటు, సైజు, బోల్డు దాచుకుంటుంది, కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ అనే పేరుతో మన లిపుల్లాంటివాటికి విడిగా ఇంకొకటి దాచుకుంటుంది. మీరు మార్చింది మొదటిదాన్ని. ఆ స్టైల్ మీద రైట్ క్లిక్, మాడిఫై, ఫార్మాట్, ఫాంట్ అంటే వచ్చే డబ్బాలో కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ భాగంలో కూడా ఫాంటు, స్టైల్, సైజు ఇవ్వండి. ఆ భాగమే కనిపించకపోతే ఫైల్, ఆప్షన్స్, లాంగ్వేజ్‌లో తెలుగును ఎడిటింగ్ భాషగా చేర్చి వర్డ్ మూసి తెరవండి. మామూలు టెక్స్టుకైతే కంట్రోల్+డి లోనే ఇవి ఇచ్చి సెట్ యాజ్ డిఫాల్ట్ నొక్కితే, ఇకమీద కొత్త ఫైళ్లన్నీ అలాగే తెరుచుకుంటాయి.

ఒత్తుల కింది సగం తెగిపోతోందా? లైన్ స్పేసింగ్‌లో ఎగ్జాక్ట్లీ అని ఉంటుంది చూడండి, తరచు వేరేచోట నుంచి పేస్ట్ చేసిన పేరాలతో అది దిగుమతి అవుతుంది. 12 సైజు తెలుగుకు ఎగ్జాక్ట్లీ 12 పెడితే ఒత్తుకు చోటెక్కడిది? సింగిల్ పెట్టండి. గౌతమి ఫాంటులో దీనికి తిరగబడ్డ సమస్య ఉంది, ఆ ఫాంటు లైను ఎత్తే ఎక్కువ, ఇంగ్లీషు పేరాలో ఒక్క తెలుగు మాట పడితే ఆ ఒక్క లైను ఎడంగా కనిపిస్తుంది. అప్పుడు మాత్రం పేరాకు ఎగ్జాక్ట్లీ 20 దగ్గర మొదలుపెట్టి, ఒత్తులు తెగకుండా చూసుకుంటూ తగ్గించండి. విండోస్ 10, 11లలో గౌతమి, వాణి ఫాంట్లు తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అనే అదనపు భాగంలో ఉంటాయి. అది లేని సిస్టమ్‌లో ఫైలు తెరిస్తే వేరే ఫాంటు వచ్చి, 10 పేజీలు 9 అవుతాయి. ఫైల్, ఆప్షన్స్, సేవ్‌లో ఎంబెడ్ ఫాంట్స్ టిక్కు పెట్టి పంపండి.

తెలుగు లైన్లో క్లిక్ చేయగానే కీబోర్డు తెలుగుకు, ఇంగ్లీషు లైన్లోకి రాగానే ఇంగ్లీషుకు తానే మారుతుంటే, ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్‌లో ఆటోమేటికల్లీ స్విచ్ కీబోర్డ్ టిక్కు తీసేయండి. కొందరికి ఇది వరం కూడా.

పేస్ట్‌తో వచ్చే చెత్త

వెబ్ పేజీ నుంచి పేస్ట్ చేస్తే వెనక రంగు, వింత ఫాంటు, లింకులు అన్నీ కలిసి దిగుతాయి. కొత్త వర్డ్‌లో కంట్రోల్+షిఫ్ట్+వి కొడితే ఒట్టి టెక్స్టు వస్తుంది. పాతదానిలో కంట్రోల్+ఆల్ట్+వి కొట్టి అన్‌ఫార్మాటెడ్ యూనికోడ్ టెక్స్ట్ ఎంచుకోండి. ఎప్పుడూ అలాగే కావాలంటే ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్, కట్ కాపీ అండ్ పేస్ట్ భాగంలో, వేరే ప్రోగ్రాముల నుంచి పేస్ట్ చేసే వరుసలో కీప్ టెక్స్ట్ ఓన్లీ పెట్టండి. వర్డ్ ఫైళ్ల మధ్య వరుసలు ముట్టుకోకండి, అను మ్యాటర్ కాపీ చేసినప్పుడు ఫాంటు పోతుంది.

ఒక పేరాను బోల్డు చేస్తే ఫైలంతా బోల్డయితే అది పేస్ట్ పని కాదు. ఆ పేరా స్టైల్లో, మాడిఫై డబ్బా అడుగున, ఆటోమేటికల్లీ అప్‌డేట్ అనే టిక్కు ఉంది. తీసేయండి. ఎవరి నుంచో వచ్చిన ఫైళ్లలో ఇది ఎక్కువ. ఏ వేషం ఎక్కణ్నుంచి వచ్చిందో తెలియకపోతే షిఫ్ట్+ఎఫ్1 కొట్టండి. కుడివైపు తెరుచుకున్న పట్టీలో కింద డిస్టింగ్విష్ స్టైల్ సోర్స్‌కు టిక్కు పెడితే, ఏది స్టైల్‌ది, ఏది చేత్తో ఇచ్చింది విడివిడిగా చూపిస్తుంది.

లిబ్రే ఆఫీస్ రైటర్‌లో ఇవన్నీ టూల్స్ మెనూ, ఆటోకరెక్ట్ ఆప్షన్స్‌లో ఉంటాయి. ఆప్షన్స్ ట్యాబులో ప్రతి వరుసకూ ఎం, టి అని రెండు గడులు. టైపు చేస్తుండగా జరిగేవి టి గడివి, వాటిని తీస్తే చాలు. టూల్స్, ఆటోకరెక్ట్‌లోనే వైల్ టైపింగ్ అనే టిక్కు ఒకటుంది, అది తీస్తే మొత్తం ఒకేసారి ఆగుతుంది, అను వాడేవాళ్లకు ఇదే సుఖం. సగం మాట కొట్టగానే మిగతాది తానే పూరించే వర్డ్ కంప్లీషన్ ఇంకో ట్యాబులో ఉంది. ఫార్మాటింగ్ తీయడానికి కంట్రోల్+ఎం, ఒట్టి టెక్స్టు పేస్ట్‌కు కంట్రోల్+ఆల్ట్+షిఫ్ట్+వి. తెలుగు ఫాంటు పెట్టాల్సింది ఆప్షన్స్‌లో బేసిక్ ఫాంట్స్ సీటీఎల్ అనే చోట. గూగుల్ డాక్స్‌లో టూల్స్, ప్రిఫరెన్సెస్. అక్కడ జాబితాలు, లింకులు, కొటేషన్లు, పెద్దక్షరాల టిక్కులు, పక్క ట్యాబులో ½, © లాంటి మార్పుల పట్టిక.

ఇవన్నీ చేసినా వర్డ్ మాట వినకపోతే, కంట్రోల్ కీ పట్టుకుని వర్డ్ తెరవండి. సేఫ్ మోడ్‌లో తెరవాలా అని అడుగుతుంది, సరే అనండి. అందులో బాగుంటే ఏదో యాడ్-ఇన్ (వర్డ్‌కు తగిలించిన అదనపు ప్రోగ్రాము) గానీ నార్మల్ టెంప్లేట్ (కొత్త ఫైళ్లకు వర్డ్ వాడే మూస) గానీ చెడింది. వర్డ్ పూర్తిగా మూసేసి, విండోస్ కీ+ఆర్ కొట్టి, శాతం గుర్తుల మధ్య యాప్‌డేటా అని ఇచ్చి, తెరుచుకున్న ఫోల్డర్లో మైక్రోసాఫ్ట్, ఆ లోపల టెంప్లేట్స్‌లోకి వెళ్లండి. నార్మల్ అనే టెంప్లేట్ ఫైలుకు పేరు మార్చండి, డిలీట్ మాత్రం చేయకండి. వర్డ్ తెరవగానే కొత్తది తయారవుతుంది. మీ సొంత మాక్రోలు, డిఫాల్ట్ ఫాంటు పాతదానిలోనే ఉన్నాయి కాబట్టి, వారం పది రోజులు దాన్ని అక్కడే ఉంచండి.